గీజరుకు సొంతవైద్యం

మాఘం పోయాక మళ్ళీ ముట్టుకోని గీజరు స్విచ్చిని కార్తీక సోమవారం తెల్లవారుజామున వేస్తాం. ఠక్కున ఇల్లంతా చీకటి. ఆ వేళప్పుడు ఎలక్ట్రీషియన్ దొరకడు. దొరికినా తొమ్మిది దాటితే గానీ రాడు. వచ్చినా మూత విప్పి, పెదవి విరిచి, "ఎలిమెంటు పోయింది సార్" అంటాడు. అతనికిచ్చే డబ్బు మిగుల్చుకోదలచిన గృహస్థుల కోసం ఈ చిట్కాలు. కావలసిన సరంజామా: ఒక టెస్టరు, ఒక ఇన్సులేషన్ టేపు చుట్ట, ఒక బావమరిది. మూడోది లేనివారు పక్కింటాయనతో సరిపెట్టుకోవచ్చు.

ఈ వైద్యానికి మూలసూత్రం ఒక్కటే. గీజరు చుట్టూ ఉన్న భాగాల్లో ఏది నోరు తెరిచి ఏదైనా చెప్పబోతే దోషం దానిదే. దాన్ని తీసేయండి.

మొదట స్విచ్చిబోర్డు పెట్టె. అందులో వరసగా ఉన్న సన్నపాటివి ఎమ్‌సీబీలు. కాస్త వెడల్పుగా, పక్కన టెస్ట్ బొత్తాంతో ఉండేది ఆర్‌సీసీబీ. పాతవాళ్ళు దీన్నీ ఈఎల్‌సీబీ అనే అంటారు. వీటిలో ఏది పడిందో గమనించకండి. గమనిస్తే ఆలోచించాల్సి వస్తుంది. మా వీధి మొదట్లో మోటార్లు వైండింగు చేసే కుర్రాడొకడున్నాడు, ఐటీఐ చదివాడు, ప్రతిదానికీ కారణం చెప్పే జబ్బుంది. వాడి లెక్క ప్రకారం ఎమ్‌సీబీ పడితే తీగ మోయాల్సిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగుతున్నట్టు, లేదా ఎక్కడో షార్టయినట్టు. ఆర్‌సీసీబీ పడితే మాత్రం కథ వేరు. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగి రావడం లేదు, మిగతాది ఎటో కారిపోతోంది. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, పడిపోతుంది.

ముప్పై మిల్లీ ఆంపియర్లు! అరవై వాట్ల పాత బల్బు వెలగడానికే 260 కావాలి. బల్బు కూడా వెలగని కరెంటు కోసం ఇల్లంతా చీకటి చెయ్యడం అతి కాదా అని అడిగాను. "బల్బుకు గుండె ఉండదు కదా సార్" అన్నాడు. ఎదురు సమాధానాలు చెప్పే అలవాటు కూడా ఉంది.

కాబట్టి పడిన దాన్ని లేపండి. మళ్ళీ పడితే మళ్ళీ లేపండి. నాలుగోసారికి దానికే సిగ్గొస్తుంది. రాకపోతే వేలితో పైకి నొక్కి పట్టుకోవాలనిపిస్తుంది గానీ అది కుదరదు. పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నా లోపల విడిపోయేలాగే తయారుచేశారు, దుర్మార్గులు. అప్పుడే బావమరిది అవసరం పడేది. "ఇది చెడిపోయింది బావగారూ, అందుకే ఊరికే పడుతోంది" అని ఆర్‌సీసీబీని లైన్లోంచే తప్పించేస్తాడు. ఇల్లు వెలుగుతుంది. కాఫీ ఇవ్వండి. కారేది ఇప్పుడూ కారుతూనే ఉంటుంది, కనిపెట్టేవాడు లేడంతే. ఎమ్‌సీబీ ఉంది కదా అనుకుంటారేమో. 16 ఆంపియర్లదానికి 30 మిల్లీ ఆంపియర్లంటే అయిదు వందల వంతుల్లో ఒకటి కూడా కాదు. మనిషి ప్రాణం తీసే కరెంటు దాని కంటికి ఆనదు.

కుర్రాడి పద్ధతి ఎంత చాదస్తమో చూడండి. "ఎప్పుడు పడుతోంది సార్, వేసిన వెంటనేనా, కాసేపు కాగాకనా?" అని మొదలుపెడతాడు. ఎలిమెంటంటే రాగిదో స్టీలుదో ఒక గొట్టం, దాని మధ్యలో నైక్రోమ్ తీగ చుట్ట, తీగ గొట్టానికి తగలకుండా చుట్టూ దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. గొట్టానికి సన్నని బీట పడినా ఆ పొడి చెమ్మ పీల్చుకుంటుంది. అక్కడి నుంచి కరెంటు గొట్టానికీ, గొట్టం నుంచి నీళ్ళకూ దారి పడుతుంది. బాగా పాడైతే స్విచ్చి వెయ్యగానే పడుతుంది. బీట ఇంకా సన్నగా ఉంటే వేడెక్కి సాగాక పడుతుంది. నెలల తరబడి వాడని ఎలిమెంటు మూతుల దగ్గర చెమ్మ చేరినా ఇలాగే జరగొచ్చు. కార్తీకంలోనే ఎందుకు పడుతుందో ఇప్పుడు తెలిసింది కదా. తెలిసినా మరిచిపోండి.

గీజరు స్విచ్చి ఆపే ఉన్నా ఆర్‌సీసీబీ పడుతుంటే ప్లగ్గు పీకి చూడమంటాడు. గోడ మీది స్విచ్చి ఫేజునొక్కదాన్నే కోస్తుంది, న్యూట్రల్ అంటుకునే ఉంటుంది. న్యూట్రల్ వైపు లీకుంటే పక్కగదిలో ఫ్యాను తిరిగినా పడగలదట. ప్లగ్గు పీకాక పడటం మానేస్తే దోషం గీజరుది, పీకినా పడుతుంటే వైరింగుదో ఇంకో సామానుదో. మూత విప్పకుండా, తీగ ముట్టకుండా రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే నాకు దాని మీద గురి కుదరదు. రోగం కనిపెట్టడమంటే చేతిలో స్క్రూడ్రైవరు ఉండాలి, కనీసం ఒక మర కింద పడి తూములోకి పోవాలి.

ఇక టెస్టరు. దీన్ని మించిన పరికరం భూమ్మీద లేదు. సాకెట్లో కుడి కన్నంలో పెడితే వెలిగింది, కరెంటు ఉంది. ఎడమ కన్నంలో వెలగలేదు, అంతా సవ్యం. రెండు కన్నాల్లోనూ వెలిగిందనుకోండి, రెట్టింపు కరెంటు వస్తోందని సంతోషించండి. కుర్రాడేమంటాడంటే, న్యూట్రల్ ఎక్కడో తెగింది, ఆ లైను మీదే వేసున్న లైటులోంచో ఫ్యానులోంచో ఫేజు తిరిగి ఆ కన్నంలోకి వచ్చి కూర్చుంది. టెస్టరు వెలగకపోతే కరెంటు లేదని కూడా వాడు ఒప్పుకోడు. అందులో నియాన్ దీపం వెలిగేది మన ఒంట్లోంచి నేలకు పోయే రవ్వంత కరెంటుతోనే కనుక, బాగా ఎండిన చెక్క బల్ల మీద నిలబడితే మసకబారుతుంది. దీపం మాడిపోయి ఉంటే అసలు వెలగదు. వెలగనంత మాత్రాన చెయ్యి పెట్టొద్దంటాడు. వాడి దగ్గరుండే మల్టీమీటరు మంచి ఎర్తున్న ఇంట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజుకీ ఎర్తుకీ మధ్య ఇంచుమించు అంతే, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులు చూపిస్తుంది. మీకెందుకు మూడు అంకెలు? ఒక చిన్న ఎర్రదీపం చాలదూ?

బావమరిది మల్టీమీటరు కొనేస్తే మాత్రం ఆపలేరు. ఎలిమెంటు రెండు కొసల మధ్య ఓమ్‌లలో కొలుస్తాడు. 2,000 వాట్లది అయితే 26 దగ్గర రావాలి, 3,000 వాట్లదైతే 18 దగ్గర. అసలేమీ రాకపోతే లోపలి తీగ తెగినట్టు. ఇది ప్లగ్గు పీకి, ఎలిమెంటుకు వచ్చే తీగలు విప్పి చెయ్యాల్సిన పని. మనవాళ్ళు స్విచ్చి వేసే ఉంచి చేస్తారు, లేకపోతే కరెంటు ఎలా తెలుస్తుంది అంటారు. మీటరు చిటపటమంటుంది. 26 వచ్చిందే అనుకోండి, "నీళ్ళు ఇంకా 26 డిగ్రీలే ఉన్నాయి బావగారూ" అని మీకు చెబుతాడు. ఎలిమెంటు తీగ బాగుండి పొడి చెమ్మెక్కితే మల్టీమీటరుకు దొరక్కపోవచ్చని, దాన్ని 500 వోల్టులతో పరీక్షించే మెగ్గరు కావాలని కుర్రాడు అంటాడు. వాడి మాట వింటే ఇల్లు వర్క్‌షాపు అవుతుంది.

ట్రిప్పూ లేదు, షాకూ లేదు, నీళ్ళు మాత్రం కాగడం లేదు. ఇది చిన్న జబ్బు. గీజరు మీద ఎర్రదీపం వెలుగుతోంది కనుక ఎలిమెంటు పనిచేస్తున్నట్టేనని తీర్మానించండి. ఆ దీపానికి కరెంటు అందిందని మాత్రమే దానర్థమన్న మాట పట్టించుకోకండి. ఇంటి బయట డిజిటల్ మీటరు మీద టకటక కొట్టుకునే చిన్న లైటుంటుంది. మిగతావన్నీ ఆపి గీజరొక్కటే వేస్తే అది జోరందుకోవాలి, అందుకోకపోతే ఎలిమెంటుకు కరెంటు చేరడం లేదు. ఇది మరీ చవకైన పరీక్ష, మర్యాదస్తులు చెయ్యదగింది కాదు.

నీళ్ళు ఆలస్యంగా కాగుతుంటే వెంటనే కొత్త ఎలిమెంటు కొనండి. వోల్టేజి చూడకండి. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 2,000 వాట్లకు 18 నిమిషాలు పడుతుంది, 25 లీటర్లకు అరగంట. వోల్టేజి 180కి పడిపోయిన ఊళ్ళో అదే ఎలిమెంటు 1,225 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వాట్లు వోల్టేజి వర్గాన్ని బట్టి తగ్గుతాయి. అప్పుడా 15 లీటర్లకూ అరగంట. కొత్త ఎలిమెంటు వేశాక కూడా అంతే పడుతుంది, కానీ బిల్లు చేతిలో ఉంటుంది కాబట్టి త్వరగా కాగినట్టనిపిస్తుంది.

గీజరు గుడగుడమంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో రెండేళ్ళకే ఎలిమెంటు మీద సున్నం దళసరిగా కడుతుంది. ఆ పెంకు కింద వేడి నీళ్ళలోకి పోలేక, అక్కడక్కడ చిక్కిన నీరు ఆవిరై పేలుతుంటే వచ్చే చప్పుడది. లోపల తుప్పు తనమీద వేసుకుని కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ కూడా ఒకటుంటుంది, ఏడాదికో రెండేళ్ళకో చూసి మార్చాలి. కొన్ననాటి నుంచి దాన్ని మార్చినవాళ్ళు నాకు తెలిసి మా కాలనీలో లేరు.

ఇక కటౌట్. ఇది చాలామందికి తెలియని సంపద. నీళ్ళు చాలినంత కాగాక ఆపేది థర్మోస్టాట్. దాని పాయింట్లు అతుక్కుపోయి ఆపడం మానేస్తే రెండో కాపలాగా కటౌట్ తెగుతుంది. ఒకసారి తెగితే మూత విప్పి, చిన్న బొత్తాం చేత్తో నొక్కేదాకా మళ్ళీ కలవదు. ఖాళీ ట్యాంకుతో గీజరు వేసినా తెగుతుంది. బొత్తాం నొక్కండి. వారానికి తెగుతుంటే వారానికి నొక్కండి. విసుగొస్తే బావమరిది దాని రెండు తీగలూ ఒకటి చేసేస్తాడు. ఇంకెప్పుడూ తెగదు.

దానితోపాటు గీజరు కింద సేఫ్టీ వాల్వు చుక్కలు చుక్కలుగా కారుతుంటుంది. 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 75కి వేడెక్కితే అర లీటరు పైనే పెరుగుతాయి. నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోనివ్వని నాన్‌రిటర్న్ వాల్వు ఉంటే, ఆ పెరిగింది ఎక్కడికి పోవాలి? ఈ చుక్కలుగానే పోతుంది. నేల తడవడం మీకిష్టం లేదు కాబట్టి ప్లంబరుతో డమ్మీ బిగించేయండి. ఇప్పుడు లెక్క చూసుకోండి: ఆపాల్సిన థర్మోస్టాట్ అతుక్కుంది, తెగాల్సిన కటౌట్‌ను కలిపేశారు, వదలాల్సిన వాల్వును మూసేశారు. బిగించిన పాత్రలో నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు, పాత్ర పగిలిన క్షణం వాటిలో కొంత ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరైన ప్రతి లీటరూ 1,600 లీటర్ల పైచిలుకు చోటడుగుతుంది. మీ బాత్రూము కొలతలు నాకు తెలియవు.

"ఏమండీ, షవరు తిప్పుతుంటే జివ్వుమంటోంది" అని లోపలి నుంచి కేకేశారనుకోండి. దీనికి వాడుకలో ఉన్న జవాబులు మూడు: చలికాలం అలాగే ఉంటుంది, నీ ఒంట్లో వేడి ఎక్కువ, చెప్పులేసుకో. మూడోది శాస్త్రీయంగా వినిపిస్తుంది కనుక నేను దాన్నే సిఫారసు చేస్తాను. తడిసి సబ్బు నీళ్ళు పట్టిన హవాయి చెప్పు, తడిసిన చెయ్యి కరెంటును ఎంతమాత్రం ఆపుతాయన్నది వేరే సంగతి. ప్లాస్టిక్ పైపులే కదా, షాకెలా వస్తుందని వాదించండి. పైపు ప్లాస్టిక్కే, లోపల వచ్చేది బోరు నీళ్ళు, వాటిలో కరిగిన ఉప్పులు కరెంటుకు దారిస్తాయి. జివ్వుమన్న మరుక్షణం స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, చూసేవాడు వచ్చేదాకా ఆ బాత్రూము వాడొద్దని కుర్రాడు అన్నాడు. సోమవారం పూట తలస్నానం మానమనడం వాడికి తగునా?

ఈ షాకు అసలు ఎర్తు తీగలోంచి భూమిలోకి పోవాల్సింది. ఎర్తు విషయంలో మనవాళ్ళ తెలివి అపారం. ప్లగ్గు మూడో పిన్ను మిగతా రెంటికన్నా లావుగా, పొడుగ్గా ఉంటుంది, పెట్టేటప్పుడు ముందు తగిలి తీసేటప్పుడు చివర వదలడానికి. చిన్న సాకెట్లో పట్టదు కనుక దాన్ని కోసేస్తాం. కొయ్యని ఇళ్ళలో పైకన్నం వెనక ఆకుపచ్చ తీగ ఉండదు, కన్నం అలంకారానికి. తీగ ఉన్నచోట అది కిందికి దిగి పార్కింగులో ఎర్తు గుంట దాకా పోతుంది. గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు పోసి ఎండాకాలం నీళ్ళు పొయ్యాల్సిన ఆ గుంట మీద ఎప్పుడో టైల్స్ పరిచేశారు, టైల్స్ మీద సెక్రటరీ గారి కారుంది.

ఎర్తు లేదని బెంగపడకండి. గోడకు మేకు కొట్టి దానికి తీగ చుట్టవచ్చు. పాత ఇళ్ళలో ఇనప నీళ్ళ పైపుకు చుట్టేవారు, దాంతో మన గీజరు లీకు పక్కవాటా నల్లాలోనూ జివ్వుమనేది, సఖ్యత పెరిగేది. ఇప్పటి ఘనమైన పద్ధతి సాకెట్లోనే న్యూట్రల్ నుంచి ఎర్తు కన్నానికి చిన్న తీగ ముక్క కలపడం. మామూలు పరీక్ష ఏది పెట్టినా ఎర్తు ఉన్నట్టే చూపిస్తుంది. న్యూట్రల్ ఎక్కడైనా తెగేదాకా. తెగితే మాత్రం ఎలిమెంటులోంచి వచ్చిన ఫేజు ఆ తీగ ముక్క దాటి నేరుగా గీజరు డబ్బాకే చేరుతుంది. గీజరులో ఏ దోషమూ లేకుండానే షాకు కొట్టించగల ఏర్పాటిది, ఇలాంటిది కనిపెట్టాలంటే నిజంగా బుర్ర కావాలి.

ప్లగ్గు గురించి రెండు ముక్కలు. 2,000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది, 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు చాలదు. అడాప్టరు పెట్టి చాలించండి. పిన్నులు గోధుమరంగుకు తిరిగి, కాలిన ప్లాస్టిక్కు వాసన వస్తే అగరుబత్తి వెలిగించండి.

గీజరు పూర్తిగా పడకేసినప్పుడు అటక మీది హీటరు రాడ్డు ఉండనే ఉంది. దీంతో ఒకే ఇబ్బంది, నీళ్ళు కాగాయో లేదో తెలియదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు తీసి పక్కన పెట్టి, అప్పుడు వేలు పెట్టి చూడాలని దాని అట్టపెట్టె మీదే రాసుంటుంది. అట్టపెట్టె ఎప్పుడో పాతసామాన్లవాడికి వేశాం.

ఇన్ని చేసినా కుదరకపోతే ఎలక్ట్రీషియన్‌నే పిలవక తప్పదు. అప్పుడు కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. ఆర్‌సీసీబీని తప్పించిన సంగతి, కటౌట్ కలిపిన సంగతి చెప్పకండి, అతని తెలివి పరీక్షించినట్టవుతుంది. మెగ్గరు తెస్తానంటే "ఊరికే ఒకసారి చూసి పో బాబూ" అనండి. అతను స్టూలెక్కి మూత విప్పి లోపల చెయ్యి పెట్టిన సమయానికి మీరు కింద మెయిన్ వేసి "వచ్చిందా?" అని అడగడం ఆనవాయితీ. అయితే మనలాంటి ఇళ్ళు నాలుగు చూసినవాళ్ళు పనిలోకి దిగేముందే ఫ్యూజు క్యారియర్ పీకి చొక్కా జేబులో వేసుకుంటున్నారు. మా వైండింగు కుర్రాడూ అదే చేశాడు. ఇంటాయన మీద ఆమాత్రం నమ్మకం లేకపోతే ఎలా అని అడిగితే, జేబు బొత్తాం కూడా పెట్టుకున్నాడు.